ఉమ్మిచుక్కలోని వంశచరిత్ర

తన పూర్వులెవరో తెలిసికొనవలెనను కోరిక మానవునకు సహజము. మన ప్రాంతమున పెండ్లిమాటలు జరుగునపుడు పెద్దలు ముందుగా ఇంటిపేరును, గోత్రమును, మేనరికపు వరుసలను విచారింతురు. నాలుగైదు తరముల పేర్లను తడుముకొనకుండ చెప్పగల వృద్ధులు ప్రతి గ్రామమునను కొందరైనను ఉందురు. అంతకు పైతరములవారి సంగతి సాధారణముగా ఎవరికిని తెలియదు. ఆ తెలియని సంగతిని తాము తెలుపగలమని చెప్పుచు ఈ కాలమున కొన్ని వాణిజ్య సంస్థలు బయలుదేరినవి.

వీరి పద్ధతి చాల సులభమైనది. సొమ్ము చెల్లించినవారి ఇంటికి ఒక చిన్న పెట్టె వచ్చును. అందులో ఒక గొట్టముండును. దానిలో ఉమ్మి, మూత బిగించి, తిరిగి పంపవలెను. కొన్ని వారములకు ఫలితము చేతికి వచ్చును. పూర్వులు ఏ యే ప్రాంతములవారో, దూరపు బంధువులెవరో, ఏ వ్యాధులు కలుగు అవకాశము హెచ్చుగా నున్నదో అందు వ్రాయబడి యుండును. అమెరికాలో 2006వ సంవత్సరమున స్థాపింపబడిన ట్వెంటీత్రీ అండ్ మీ అను సంస్థ ఈ వ్యాపారమునకు ప్రసిద్ధి తెచ్చినది. మన తెలుగుసీమలో హైదరాబాదు నగరమున 2013లో అను ఆచార్యగారు మ్యాప్ మై జీనోమ్ అను సంస్థను ప్రారంభించిరి.

ఈ పరీక్ష ఏమి చెప్పగలదు? ఏమి చెప్పజాలదు? చెప్పిన దానిపై హక్కు ఎవరిది? ఈ మూడు ప్రశ్నలను విద్యార్థులు చక్కగా విచారింపవలసి యున్నది. మొదటి రెంటికి శాస్త్రము సమాధానము చెప్పును. మూడవ దానికి మనమే చెప్పుకొనవలెను.

విత్తనములు నేర్పు పాఠము

మన హగరిలోని వ్యవసాయ పరిశోధన కేంద్రము ఇరువదవ శతాబ్ది ప్రారంభముననే ఏర్పడినది. నల్లరేగడి నేలకు తగిన పైరుల విత్తనములను ఎన్నుకొనుట ఇట్టి కేంద్రముల ముఖ్యకార్యము. ఒక మంచి మొక్కకు మరియొక మంచి మొక్కతో సంపర్కము చేసి, పుట్టిన మొక్కలలో ఏ గుణము ఎచ్చట నుండి వచ్చినదో గమనింతురు. తల్లిమొక్కలో కనబడని గుణము మనుమరాలి మొక్కలో కనబడుటయు కలదు. ఈ చిత్రమునకు కారణమును తొలుత కనుగొనినవాడు గ్రెగర్ మెండెల్. ఇతడు మధ్య ఐరోపాలోని బ్రున్ నగరమున మఠవాసి. మఠపు తోటలో బఠాణీ మొక్కలను పెంచి, తాను కనుగొన్న వారసత్వ నియమములను 1866లో ప్రకటించెను. ప్రతి గుణమునకును తల్లి నుండి ఒకటి, తండ్రి నుండి ఒకటి చొప్పున రెండు ప్రతులు వచ్చును. ఒక ప్రతి మరుగుపడియుండి, అట్టిదే రెండవది జతపడినపుడు మాత్రమే బయటపడు గుణములు కొన్ని కలవు. దీనిని జ్ఞాపకముంచుకొనవలెను. దీనితో ముందు పని యున్నది.

మానవుని విషయమునను ఇదియే నియమము. మన శరీరములోని ప్రతి కణమునందును సామాన్యముగా 23 జతల క్రోమోజోములుండును. వానిలో డి.ఎన్.ఏ. అను పదార్థము సన్నని దారమువలె చుట్టుకొని యుండును. ఆ దారముపై ఏ, టి, జి, సి అను నాలుగు రసాయనాక్షరములతో ఒక గ్రంథము వ్రాయబడియున్నది. తల్లి నుండి వచ్చిన ప్రతిలో సుమారు 300 కోట్ల అక్షరములు, తండ్రి నుండి వచ్చిన ప్రతిలో సుమారు అన్నియే అక్షరములు గలవు. ఏ ఇద్దరు మనుష్యులను పోల్చి చూచినను ఈ గ్రంథము వేయింట 999 పాళ్లు ఒక్కటిగనే యుండును. రాజైనను, బిచ్చగాడైనను ఇందు తేడా లేదు. మిగిలిన ఆ ఒక్క పాలులోనే మన ముక్కుతీరు, రక్తపు జాతి, కొన్ని వ్యాధుల జాడలు ఇమిడియున్నవి. ఉమ్మిలో నోటిలోని కణములు కలిసి యుండును గనుక ఒక్క చుక్క చాలును. వాణిజ్య సంస్థలు సాధారణముగా గ్రంథమంతయు చదువవు. మనుష్యులలో తేడాగా నుండు కొన్ని లక్షల స్థానములలోని అక్షరములను మాత్రము పరీక్షించును.

పూర్వులను గూర్చి ఏమి తెలియును?

దీనికి మన హగరి నదియే మంచి ఉపమానము. వేద, అవతి అను రెండేరులు కలిసి వేదావతియై, చిత్రదుర్గ జిల్లాలో వాణీవిలాస సాగరమును నింపి, అనంతపురము సీమలో ప్రవేశించి, మరల బళ్లారి జిల్లాకు వచ్చి, తుంగభద్రలో కలియును. కన్నడ దేశమున పుట్టి, తెలుగు దేశమున ప్రవహించి, తిరిగి కన్నడ దేశమునకు వచ్చిన ఈ నీటిని ఒక కడవతో ముంచి, ఇందు ఏ వాగునీరు ఎంత అని అడిగినచో ఏమి చేయవలెను? ముందుగా ఆ వాగుల నీటిని వేరువేరుగా సేకరించి యుంచుకొని, వానితో పోల్చి చూడవలెను. ఏ వాగునీటిని మనము సేకరింపలేదో, దాని పేరు మన లెక్కలో రాదు.

వంశపరీక్షయు ఇట్టిదే. సంస్థవారి యొద్ద నేటి ప్రజల నుండి సేకరించిన మాదిరులుండును. మన ఉమ్మిని వానితో పోల్చి, ఇన్ని పాళ్లు ఇట్టివారిని పోలియున్నవని చెప్పుదురు. ఒకే మనిషికి రెండు సంస్థలు రెండు విధములైన లెక్కలు చెప్పుట కలదు. మాదిరులు పెరిగినప్పుడు అదే సంస్థ తన లెక్కను మార్చుటయు కలదు. ఇది మోసము కాదు. ఆ పద్ధతి యొక్క స్వభావమే యంత. అదియు గాక, పది తరములు వెనుకకు పోయినచో మనకు 1,024 మంది పూర్వుల స్థానములు లెక్కకు వచ్చును. తల్లి తల్లి తల్లిగా పోవు వరుస, తండ్రి తండ్రి తండ్రిగా పోవు వరుస వీనిలో రెండు మాత్రమే. ఆ రెండు వరుసలను బట్టి మా వంశము ఫలానా అని గర్వించువారు తక్కిన 1,022 మందిని మరచినవారగుదురు.

వాణిజ్యముతో సంబంధము లేకుండ ఈ శాస్త్రమున గొప్ప కృషి మన హైదరాబాదులోనే జరిగినది. అచ్చటి సి.సి.ఎం.బి. పరిశోధనశాలను 1977లో పుష్పమిత్ర భార్గవగారు స్థాపించిరి. ఆ శాలకు చెందిన లాల్జీ సింగ్, కె. తంగరాజ్ గార్లు అమెరికా శాస్త్రజ్ఞుడైన డేవిడ్ రైక్ మొదలగువారితో కలిసి, మన దేశములోని 25 సముదాయములకు చెందిన 132 మంది డి.ఎన్.ఏ.ను పరిశీలించి, 2009లో ఫలితములను ప్రకటించిరి. భారతీయులలో అత్యధికులు రెండు ప్రాచీన జనసమూహముల మిశ్రమమేయని అందు తేలినది. ఆ రెండును వేరువేరు పాళ్లలో దాదాపు అన్ని కులములవారిలోను ఉన్నవి. ఆ మిశ్రమము సుమారు 4,200 ఏండ్లకును 1,900 ఏండ్లకును నడుమ కాలమున జరిగినదనియు, పిమ్మట సముదాయములు తమలో తామే వివాహములు చేసికొను కట్టుబాటు గట్టిపడినదనియు 2013లో ప్రకటింపబడిన మరియొక పరిశోధన తెలిపినది. కావున రక్తశుద్ధిని గూర్చి వాదించువారికి ఈ శాస్త్రము సాక్ష్యము చెప్పదు.

మరియొక మాట. 1953వ సంవత్సరము అక్టోబరు 1వ తేదీన ఆంధ్రరాష్ట్రము ఏర్పడినపుడు పాత బళ్లారి జిల్లా రెండుగా చీలినది. ఆదోని, ఆలూరు, రాయదుర్గము తాలూకాలు ఆంధ్రమునకు చేరగా, తక్కినవి మైసూరు రాష్ట్రమున కలిసినవి. నాటి నుండి నేటి వరకును ఇచ్చటి కుటుంబములలో తెలుగువారెవరు, కన్నడిగులెవరు అను ప్రశ్న వచ్చుచునే యున్నది. ఏ ఉమ్మిపరీక్షయు దీనికి సమాధానము చెప్పజాలదు. భాష రక్తము ద్వారా రాదు. అది తల్లి ఒడిలోను, పాఠశాల బల్లపైనను వచ్చును. మనము చదివి వ్రాసినంత కాలము తెలుగు మనదగును. చదువుట మానినచో ఏ పరీక్షాపత్రమును దానిని మనకు తిరిగి ఈయజాలదు.

ఆరోగ్యమునకు ఉపయోగము: ఒక నిజమైన ఉదాహరణము

తమలో తామే వివాహమాడు సముదాయములలో ఒక విశేషము కలదు. ఒకప్పుడు కొద్దిమంది పూర్వుల నుండి సముదాయము విస్తరించినచో, ఆ కొద్దిమందిలో ఒకరికున్న లోపప్రతి తరతరములకును అందరిలో వ్యాపించును. మెండెల్ చెప్పినట్లు ఒక్క ప్రతి యున్నవారికి ఏమియు తెలియదు. అట్టి ఇద్దరికి వివాహమైనపుడు, పుట్టు ప్రతి బిడ్డకును రెండు ప్రతులు వచ్చు అవకాశము నాలుగింట ఒకటి.

దీనికి తెలుగు వైశ్యులు ప్రసిద్ధమైన ఉదాహరణము. వీరు ఆంధ్ర, తెలంగాణములందే గాక మన బళ్లారివంటి కర్ణాటక పట్టణములలోను వర్తకులై తెలుగు మాటలాడుచు నివసించుచున్నారు. శస్త్రచికిత్సకు ముందు వైద్యులు రోగికి కండరములు సడలుటకై సక్సినైల్ కోలీన్ అను మందు ఇచ్చుట కలదు. రక్తములోని బ్యుటిరిల్ కోలీనెస్టరేజ్ అను ఎంజైము ఆ మందును విచ్ఛేదించుటచే కొన్ని నిమిషములలో దాని ప్రభావము తొలగును. ఈ ఎంజైము పనిచేయనివారికి కండరములు గంటల కొలది చచ్చుపడియుండును. ఊపిరితిత్తులను కదలించు కండరములు కూడ అందు చేరును. యంత్రముతో శ్వాస నందించుచుండినచో ప్రమాదము లేదు; మందు దిగిన పిమ్మట రోగి లేచి కూర్చుండును. ఆ సంగతి తెలియక శ్వాసగొట్టమును ముందే తీసివేసినచో ప్రాణమునకే ముప్పు. ఈ లోపము వైశ్యులలో ఇతరులకంటె సుమారు నూరు రెట్లు హెచ్చుగా కనబడుచున్నదని శాస్త్రజ్ఞులు చెప్పుచున్నారు.

ఈ లోపమున్నవారు నిత్యజీవితమున ఏ కష్టమును ఎరుగరు. తిందురు, పని చేయుదురు, నిండు నూరేండ్లు బ్రదుకుదురు. ఆ మందు వంటివి శరీరమున చేరిననాడే అపాయము. కావున మన ఇంట ఎవరికైనను శస్త్రచికిత్సానంతరము శ్వాస ఆలస్యముగా వచ్చినదా అని పెద్దలను అడిగి తెలిసికొని, ఆ సంగతిని మత్తుమందు వైద్యునకు ముందుగా చెప్పిన చాలును. ఎంజైమును కొలుచు సామాన్యమైన రక్తపరీక్షయు కలదు. ప్రత్తిచేలలో పురుగుమందు సోకినవారికి వైద్యులు చేయించు కోలీనెస్టరేజ్ పరీక్షయు ఈ జాతిదే. వేల రూపాయల పెట్టెకంటె ఇంటిలోని ముసలమ్మ చెప్పిన ఒక్క మాట ఇచ్చట ఎక్కువ పని చేయును.

దీనిని విని ఏ సముదాయమును తక్కువగా తలచరాదు. హైదరాబాదు శాస్త్రజ్ఞులు పాల్గొన్న మరియొక పరిశోధన 2017లో ప్రకటింపబడినది. దక్షిణాసియాలోని 263 సముదాయములను పరిశీలింపగా, 81 సముదాయములలో ఇట్టి పూర్వుల ప్రభావము ఐరోపాలోని ఫిన్నులకంటెను, అష్కెనాజీ యూదులకంటెను బలముగా నున్నదని తేలినది. వీనిలో పదిలక్షలకు మించిన జనము గలవి 14. వైశ్యులది వెలికి వచ్చినది. తక్కినవారిలో పెక్కుమందివి ఇంకను వెలికి రావలసి యున్నవి. అంతియే భేదము.

పరీక్ష చెప్పజాలనిది

వాణిజ్య పరీక్ష యొక్క పరిమితిని తెలుపుటకు ఒక్క ఉదాహరణము చాలును. రొమ్ము క్యాన్సరునకు కారణమగు బి.ఆర్.సి.ఏ. అను జన్యువులు రెండు గలవు. వీనిలో వేయికి మించిన దోషములు కనుగొనబడినవి. 2018 మార్చిలో అమెరికా ప్రభుత్వపు ఔషధశాఖ పైన చెప్పిన సంస్థకు కేవలము మూడు దోషములను మాత్రమే పరీక్షించుటకు అనుమతి నిచ్చినది. ఆ మూడును ముఖ్యముగా అష్కెనాజీ యూదులలో కానవచ్చునవి. అట్టి పరీక్షలో దోషము లేదని తేలినంత మాత్రమున ఒక తెలుగు స్త్రీ నిశ్చింతగా నుండదగునా? ఉండరాదు. ఆమెకు అడుగబడని ప్రశ్నకు సమాధానము లేదు.

అట్లే మధుమేహము, గుండెజబ్బు మొదలగునవి ఒక్క జన్యువు వలన కలుగునవి కావు. అనేక జన్యువులతోపాటు ఆహారము, శ్రమ, పొగాకు, నిద్ర మున్నగునవన్నియు వానికి కారణములు. హెచ్చు అవకాశమనగా వ్యాధి వచ్చినదని కాదు. తక్కువ అవకాశమనగా రాదని కాదు. పరీక్షాపత్రమును చదివి మందు మ్రింగుటయు, మందు మానుటయు రెండును తప్పే. వైద్యుడు వేరొక పరీక్షతో ధ్రువపరచిన పిమ్మటనే నిర్ణయింపవలెను. ఒక్క లోపప్రతి మాత్రమున్న పిల్లను రోగిగా భావించి సంబంధము వదలుకొనువారు శాస్త్రమును సగము చదివినవారు. సగము చదువు మొత్తము తెలియకపోవుటకంటె ప్రమాదకరము.

ఉమ్మి ఒకనిది, సమాచారము వంశమందరిది

ఇక మూడవ ప్రశ్న. నా ఉమ్మిని నేను పంపుకొనిన ఇతరులకేమి నష్టమని యెవరైన ననవచ్చును. అన్నదమ్ములకు డి.ఎన్.ఏ. సుమారు సగము ఉమ్మడి. మేనమామకును మేనకోడలికిని నాలుగవ వంతు ఉమ్మడి. మేనత్త బిడ్డలకు మేనమామ బిడ్డలకు ఎనిమిదవ వంతు ఉమ్మడి. కనుక ఒకడు పంపిన గొట్టములో వాని తోబుట్టువుల గుట్టు సగము పోయినట్లే. ఇంకను పుట్టని బిడ్డల గుట్టును కొంత పోవును. వారెవరును అనుమతి ఈయలేదు.

ఇది ఊహామాత్రము కాదు. 2018 ఏప్రిలులో అమెరికాలోని కాలిఫోర్నియా పోలీసులు దశాబ్దముల నాటి హత్యలు చేసిన ఒక మాజీ పోలీసు ఉద్యోగిని పట్టుకొనిరి. అతడు ఏ సంస్థకును ఉమ్మి పంపలేదు. వంశవృక్షముల కొరకు తమ ఫలితములను బహిరంగముగా నుంచిన దూరపు బంధువుల ద్వారా అతని జాడ దొరికినది. హంతకుడు దొరికినందుకు సంతోషింపవలసినదే. అయినను ఎన్నడును ఎరుగని బంధువు చేసిన పని మన గుమ్మము వరకును దారి చూపగలదని ఈ సంఘటన తెలిపినది.

2023లో ట్వెంటీత్రీ అండ్ మీ సంస్థలో జరిగిన సమాచార చౌర్యము ఇంకను స్పష్టమైన పాఠము. ఇతరచోట్ల వాడిన రహస్య సంకేతపదములనే మరల వాడుకొనినవారి సుమారు 14,000 ఖాతాలలో దొంగలు ప్రవేశించిరి. బంధువులను కలుపు సౌకర్యము ద్వారా అచ్చట నుండి సుమారు 69 లక్షల మంది సమాచారము వారి చేతికి చిక్కినది. ఒక్క తలుపు తీసియున్న పాపమునకు వీథియంతయు దోపిడి యైనట్లయినది. 2025 మార్చిలో ఆ సంస్థయే దివాలా తీసి న్యాయస్థానము నాశ్రయించినది. సుమారు కోటి ఏబది లక్షల మంది డి.ఎన్.ఏ. సమాచారము వేలమునకు వచ్చు ఆస్తిగా మారినది. కాలిఫోర్నియా ప్రభుత్వ న్యాయాధికారి తమ సమాచారమును తుడిపించుకొనవలసినదిగా ప్రజలను హెచ్చరించిరి. తుదకు 2025 జూలైలో ఆ సంస్థ స్థాపకులలో ఒకరి నాయకత్వముననున్న ధర్మసంస్థయే 30 కోట్ల 50 లక్షల డాలర్లకు దానిని కొనినది. ఖాతా సంకేతపదము పోయినచో మార్చుకొనవచ్చును. డి.ఎన్.ఏ.ను మార్చుకొనుట ఎట్లు?

మన దేశములోని చట్టములు

ఆంతరంగికత ప్రాథమిక హక్కేయని మన సుప్రీంకోర్టులోని తొమ్మిదిమంది న్యాయమూర్తులు 2017 ఆగస్టు 24వ తేదీన ఏకగ్రీవముగా తీర్పు చెప్పిరి. ఆ వ్యాజ్యమును వేసినవారు కర్ణాటక హైకోర్టు విశ్రాంత న్యాయమూర్తి కె.ఎస్. పుట్టస్వామిగారు. భార్యాభర్తల తగాదాలలో బిడ్డలకు డి.ఎన్.ఏ. పరీక్షను యథాలాపముగా ఆజ్ఞాపించరాదనియు, తమ జన్యు సమాచారమును కాపాడుకొను హక్కు బిడ్డలకు గలదనియు అదే న్యాయస్థానము 2023 ఫిబ్రవరిలో పలికినది. 2023లోనే వ్యక్తిగత డిజిటల్ సమాచార రక్షణ చట్టము వచ్చినది. దాని నియమములు 2025 నవంబరులో ప్రకటింపబడినవి. అవి దశలవారీగా అమలునకు వచ్చునట్లు ఏర్పాటు చేసిరి. 18 ఏండ్లు నిండనివారి సమాచారమును సేకరించుటకు తల్లిదండ్రుల అనుమతి యుండవలెనని ఆ చట్టము చెప్పుచున్నది. అయితే జన్యు సమాచారమునకు అందు ప్రత్యేకమైన తరగతి లేదు. ఉద్యోగము, ఆరోగ్యబీమా ఇచ్చువారు జన్యువులను బట్టి భేదము చూపరాదని అమెరికాలో 2008లో చట్టము చేసిరి; జీవితబీమాకు అదియు వర్తింపదు.

సమాచారము నిచ్చుట ఎల్లప్పుడు తప్పని చెప్పుట నా యభిప్రాయము కాదు. జీనోమ్ ఇండియా అను ప్రభుత్వ ప్రణాళిక క్రింద దేశములోని 10,000 మంది డి.ఎన్.ఏ. పూర్తిగా చదువబడి, 2025 జనవరిలో పరిశోధకుల ఉపయోగార్థము విడుదల చేయబడినది. ఇట్టి కృషి లేనిచో మన సముదాయముల వ్యాధులు ఎన్నటికిని చీకటిలోనే యుండును. ఎవరికి, ఎందులకు, ఎంత కాలమునకు, ఏ షరతులతో ఇచ్చుచున్నామో ఎరిగి ఇచ్చుట దానము. ఎరుగక ఇచ్చుట పోగొట్టుకొనుట.

విద్యార్థులు చేయదగినది

విద్యార్థులారా! పెట్టె కొనుటకు ముందు చేయదగిన పని యొకటి మీ చేతిలోనే యున్నది. ఒక కాగితము తీసికొని, తాతముత్తాతల పేర్లను, వారి ఊర్లను, వారు మాటలాడిన భాషలను వ్రాయుడు. ఎవరు ఏ వ్యాధితో ఏ వయస్సున మరణించిరో, ఎవరికి ఏ మందు పడలేదో పెద్దలను అడిగి వ్రాయుడు. ఆ కాగితమును ఇంటిలో భద్రముగా నుంచుడు. వైద్యునకు తప్ప ఇతరులకు చూపకుడు. దానికి ఖర్చు లేదు. దానిని ఎవరును వేలము వేయలేరు.

పెద్దవారైన పిమ్మట పరీక్ష చేయించుకొన నిశ్చయించినచో ముందుగా తోబుట్టువులతోను, తల్లిదండ్రులతోను మాటలాడుడు. దత్తత మొదలగు కుటుంబ రహస్యములు హఠాత్తుగా బయలుపడుట వలన మనస్సులు విరుగుట కలదని గుర్తింపుడు. సంస్థ వారి షరతుల పత్రమును తుదివరకు చదువుడు. మాదిరిని ధ్వంసము చేయించు హక్కు, సమాచారమును తుడిపించు హక్కు, సంస్థ చేతులు మారినపుడు ఏమగునను విషయము అందున్నవో లేవో చూడుడు. అవి లేనిచో గొట్టమును ఖాళీగనే యుంచుట మేలు.

తాత సంపాదించిన పొలమును ఒక్క వారసుడు తక్కినవారి నడుగక అమ్మినచో ఊరివారు హర్షింపరు. డి.ఎన్.ఏ. అంతకంటె పాతదైన ఉమ్మడి ఆస్తి. మనకు ముందటివారి నుండి అది మనకు సంక్రమించినది. మన తరువాతివారికి మన ద్వారా పోవలసి యున్నది. మన చేతిలో నున్న ఈ కొద్ది కాలము దానికి మనము కాపరులము.